పేరిన సముద్రం

సముద్రం గట్టిపడితే అది ఎవరిది? ఈ ప్రశ్న మీద ఢిల్లీలో ఒక సంఘం కూర్చుని రెండేళ్ళ పాటు కాఫీలు తాగింది. ఆ కాఫీల్లో నా వాటా కూడా ఉంది కనక వాళ్ళనొక్కళ్ళనే ఆడిపోసుకోవడం న్యాయం కాదు.

నా పేరు భీమశంకరం. న్యాయశాఖ ఉద్యోగిని. డెప్యుటేషన్ మీద విశాఖపట్నం వచ్చి, తూర్పు తీర రక్షణ సేవకు న్యాయ సలహాదారుగా పడ్డాను. పడ్డాను అనే అంటాను. ఎందుకంటే ఓడ ఎక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. నౌక మీద అందరికీ తెల్లని యూనిఫారాలు, భుజాల మీద పట్టీలు. నాకు మామూలు చొక్కా, చేతిలో నిమ్మకాయ. అది వాసన చూసుకుంటూ చట్టం చెప్పేవాణ్ణి. వెనకాల నావికులు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ, నాకేం.

నా భార్య కాత్యాయని శాస్త్రవేత్త. ఋషికొండ అవతల ఒక చిన్న ప్రయోగశాలలో సముద్రపు శబ్దాల మీద పనిచేసేది. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసి, "లాయరుగారూ, పని మానేసి రండి" అంది. ఆవిడ లాయరుగారూ అందంటే కోపమన్నా వచ్చి ఉండాలి, పండగన్నా అయి ఉండాలి. వెళ్ళాను. ఈతకొలనంత తొట్టి, నిండా సముద్రపు నీళ్ళు. నాచు నుంచి తీసిన తెల్లని పొడి చిటికెడు అందులో జల్లింది. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక మర తిప్పింది. సన్నని శబ్దం, నా పళ్ళు పులిసినట్టయింది. తొట్టిలో నీళ్ళు అల్లల్లాడి, అల్లల్లాడి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. చలికాలం పొద్దున గిన్నెలో నెయ్యి పేరినట్టు పేరిపోయాయి. కాకపోతే నెయ్యికి ఆ నిగనిగ ఉండదు. లోపల ఎండ కిరణాలు కూడా ఎక్కడివక్కడే నిలబడిపోయినట్టు అనిపించింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్? పడతావ్!" అని అరిచాను.

ఆవిడ అప్పటికే తొట్టిలోకి దిగింది. మునగలేదు. నీళ్ళ మీద నిలబడి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, నాకేసి చూసింది. పెళ్ళై పద్దెనిమిదేళ్ళయింది. ఆ మనిషిని అంత సంతోషంగా అంతకుముందు చూడలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో నాకే తెలియదు.

"పైన మూరెడు మందమే పేరుతుంది. ఆ పొడి దారాలుగా విడిపోతుంది, శబ్దం ఉన్నంతసేపూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, శబ్దం ఆగితే వదిలేస్తాయి" అంది. "మునిగిపోతున్నవాడి కింద ఇది పరిస్తే ఎలా ఉంటుంది?"

ఎలా ఉంటుందో అప్పుడు నాకు తట్టలేదు. నాకు తట్టింది ఒకటే. ఇప్పుడిది నీరా, నేలా? లాయరు బుర్ర అంతే.

ఈ ప్రశ్నే మా కొంప ముంచింది. చట్టం మొదటి పేజీలోనే తీర రక్షణ సేవ దేశపు సాయుధ బలగాల్లో ఒకటి అని ఉంది. చేసే పని చూస్తే తుపాన్లలో జనాన్ని వెతికి తీసుకురావడం. సముద్రంలో ప్రాణాపాయం అయితే ఏ దేశపు నౌకైనా, తుపాకులున్నా లేకున్నా, వెళ్ళి ఆదుకోవచ్చు. అది పాత మర్యాద, అందరూ ఒప్పుకున్నదే. నేల మీద కథ వేరు. పొరుగు దేశపు నేల మీద మన సాయుధుడు కాలు మోపితే అది చొరబాటు. మరి పేరిన నీళ్ళ మీద మా నావికుడు సరిహద్దు దాటి నడిస్తే? అతను ఆదుకోవడానికి వెళ్ళినవాడా, దండెత్తి వెళ్ళినవాడా? పొరుగు దేశం ముందే ఘాటుగా లేఖ రాసింది. ఢిల్లీ భయపడి, సంఘం తేల్చేదాకా గీత అవతల పేరిన నీటిని నేలగానే లెక్కించాలనీ, సేవ సభ్యులెవరూ దాని మీదికి వెళ్ళకూడదనీ ఉత్తర్వు ఇచ్చింది.

"మీ సేవ అసలేమిటో మీకే తెలియదన్నమాట" అంది కాత్యాయని ఆ రోజు భోజనాల దగ్గర.

"తెలుసు. పేరుకి సైన్యం, పనికి ప్రాణదాత. రెంటికీ ఒకటే జీతం."

"ఏంటీ?"

"ఒకటే జీతం అన్నాను."

"ఏంటీ?" అంది మళ్ళీ.

వంటింట్లో కుక్కర్ కూతలు పెడుతోంది. ఎప్పటినుంచి పెడుతోందో. నేను లేచి కట్టేసి వచ్చాను. ఆవిడ నా ముఖం చూసి, తల దించుకుని పప్పు కలుపుకుంది.

దాచినా దాగని సంగతి. తొట్టిలో యంత్రం తనంతట తనే పనిచేసేది. బయట సముద్రంలో అలకో రకంగా శబ్దం మారాలి, అక్కడ యంత్రం తడబడేది. కాత్యాయని చెవి తడబడేది కాదు. నీళ్ళ నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని సూటిగా చెవిలో పెట్టుకుని వింటూ, చేత్తో మర తిప్పుతూ నిలబెట్టేది. ఆ శబ్దం చెవిని లోపల్నుంచి తినేస్తోంది. డాక్టర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఇంకొక్కసారి ఒక అరగంట గనక విన్నారంటే, ఆ తర్వాత నేను చెప్పేది మీకు వినపడదమ్మా." ఇద్దరు కుర్ర శాస్త్రవేత్తలకి ఆ పని నేర్పుతోంది గానీ వాళ్ళకింకా పట్టుబడలేదు.

"ఇక ముట్టుకోకు దాన్ని" అన్నాను దారిలో.

"అలాగే" అంది. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు. ఆ అలాగేలోనే తెలిసిపోయింది.

తుపాను వెలిసిన పొద్దున కబురొచ్చింది. భీమిలి దగ్గర జాలరిపేట బోటు ఒకటి ఇంజన్ చెడిపోయి, రోజుల తరబడి గాలికి కొట్టుకుపోయి, సరిహద్దు గీత దాటి అవతల ఇసుక మేట మీద ఇరుక్కుంది. మనుషులు ఏడుగురు. బోటు నడిపే సరంగు పేరు వాసుపల్లి దానయ్య. ఆ దానయ్య కొడుకు ఎల్లాజీ మా నౌక మీదే నావికుడు. కబురు వినగానే అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా పని ఆపకుండా తాళ్ళు చుడుతూనే ఉన్నాడు.

మర్నాడు నౌక గీత దగ్గరికి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. గీత అంటే అక్కడ ఏమీ ఉండదు. తెర మీద ఒక ఎర్ర గీత, నీళ్ళలో ఒక పాత పసుపు బోయా, అంతే. దానికి అవతల, కేక వేస్తే వినపడేంత దూరంలో బోటు పక్కకి ఒరిగి ఉంది. మేట చుట్టూ అలలు విరుచుకుపడుతున్నాయి. లోతు లేదు, మా నౌక వెళ్తే నేలకి తగులుతుంది. చిన్న పడవ దింపితే ఆ అలలు తిరగేసేస్తాయి. మేటకి అటు పక్క పొరుగు దేశపు గస్తీ నౌక కూడా అలాగే చేతులు కట్టుకుని నిలబడి ఉంది. దాని మీంచి కెమెరాలు మావైపే తిరిగి ఉన్నాయి. మా వాళ్ళు రేడియోలో అనుమతి అడిగితే, "పైవాళ్ళని అడుగుతున్నాం" అన్నారు. పైవాళ్ళు ఎక్కడైనా పైవాళ్ళే.

అల వచ్చినప్పుడల్లా బోటు చెక్కలు విరిగే చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

యంత్రంతో పాటు మా నౌక ఎక్కిన కాత్యాయని హెడ్‌ఫోన్లు చేతిలోకి తీసుకుంది. నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. నా చేతిమీద తట్టి, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. నాకు ఏడుపొచ్చింది. ఏమని ఆపను? అక్కడ ఏడుగురున్నారు.

డ్రోన్లు వెళ్ళి పొడి జల్లి వచ్చాయి. యంత్రం మొదలైంది. నేను చూసింది చెప్తాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. విరగబోతున్న అల విరగకుండా ఆగింది. దాని వెనకది ఆగింది. నురగ గాల్లోకి ఎగిరి, పడాల్సిన చోట పడి, అలాగే అంటుకుపోయింది. చూపు ఆనినంత మేర సముద్రం కొండలూ లోయలుగా నిలబడిపోయింది. ఎండ వాటి గుండా దూరి కిందికి దిగుతోంది. ఆకుపచ్చ రంగులో ఇన్ని రకాలుంటాయని అంతవరకు నాకు తెలియదు. ఆ పలక కింద చేపల గుంపు ఒకటి వెండి రేకుల్లా తళుక్కుమంటూ తిరిగి వెళ్ళింది. అలల హోరు ఆగిపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ హోరు పక్కనే బతికిన నావికులు, అది లేకపోయేసరికి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఒకాయన చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఎవరూ నవ్వలేదు.

"రండయ్యా! దిగి రండి! నడిచి రావచ్చు!" అని మైకులో అరిచారు మా కమాండెంట్ రత్నాకర్.

బోటు మీద మనుషులు కదల్లేదు.

ఎల్లాజీ మైకు లాక్కున్నాడు. "అయ్యా! నానే, ఎల్లాజీని! దిగండి, ములగరు!"

అవతల్నుంచి దానయ్య గొంతు గాలిలో తేలి వచ్చింది. "గంగమ్మ తల్లి పడుకునుందిరా! ఆయమ్మ మీద కాలెట్టి నడిసి రమ్మంతావేటి?"

అదీ సంగతి. మా లెక్కల్లో ఎవరికీ రానిది. చెప్పులతో పడవ ఎక్కని మనుషులు వాళ్ళు. వేటకెళ్ళేటప్పుడు నీళ్ళలోకి దిగుతారు, ముందు దోసెడు నీళ్ళు నెత్తిన చల్లుకుని మరీ దిగుతారు. తల్లి ఒళ్ళోకి దిగడం వేరు. కదలకుండా పడుకున్న తల్లి గుండెల మీద పాదాలు మోపి నడవడం వేరు. చచ్చినా చెయ్యరు. చచ్చేలాగే ఉన్నారు కూడా.

"నానెళ్తాను సార్" అన్నాడు ఎల్లాజీ. "మా అయ్య కాళ్ళట్టుకునైనా తెత్తాను."

"గీత దాటితే నువ్వు చొరబడ్డట్టు" అన్నారు రత్నాకర్. గస్తీ నౌక వైపు వేలు చూపించారు. "అటు చూడు, కెమెరాలు."

"అయితే ఇప్పుడే నా ఉద్యోగం తీసెయ్యండి. నాకొద్దు."

రత్నాకర్ నావైపు తిరిగారు. "లాయరుగారూ, చెప్పండి. వీడు ఇక్కడ రాజీనామా ఇస్తే చెల్లుతుందా?"

చట్టం అప్పుడు నా నోట్లో చేదుగా ఉంది. సేవ మామూలు సర్కారు ఆఫీసైతే కాగితం పడేసి వెళ్ళిపోవచ్చు. సాయుధ బలగం కాబట్టి పైవాళ్ళు ఒప్పుకునేదాకా అతను సైనికుడే. వెళ్తే ఇక్కడ పారిపోయినవాడు, అక్కడ చొరబడ్డవాడు. రెండు దేశాలకీ నేరస్థుడు.

"చెల్లదు" అన్నాను.

ఎల్లాజీ నన్ను చూసిన చూపుకి నేను నేలలోకి దిగబడిపోతే బాగుండుననిపించింది. అప్పుడే వెలిగింది. నేను సేవ సభ్యుణ్ణి కాను! అరువొచ్చినవాణ్ణి. యూనిఫారం లేదు, తుపాకీ లేదు. నేను దాటితే మహా అయితే పాస్‌పోర్టు లేని పౌరుణ్ణి, జైల్లో పెడతారు. దండయాత్ర మాత్రం కాదు. నౌక మీద అలాంటివాళ్ళం ఇద్దరమే. రెండోవిడ యంత్రం దగ్గర కళ్ళు మూసుకుని కూర్చుంది.

"నిచ్చెన దింపండి" అన్నాను.

"మీరా?" అన్నారు రత్నాకర్. ఆ ఒక్క మాటలో నా మీద ఆయనకున్న అభిప్రాయం అంతా ఉంది. తప్పు పట్టను.

చెప్పులు విప్పేశాను. నిచ్చెన దిగి, వంగి, సముద్రాన్ని తాకి కళ్ళకద్దుకున్నాను. చల్లగా, మెత్తగా ఉంది. నిలబడ్డాను. అంతే, దబ్బున పడ్డాను. పైన పేరినా కింద అసలు సముద్రం ఊపిరి తీస్తూనే ఉంది. పలకంతా మెల్లగా లేస్తోంది, దిగుతోంది. లేవబోయాను. మళ్ళీ పడ్డాను. నడక నావల్ల కాదని తేలిపోయింది. చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకడం మొదలుపెట్టాను. ఆగిపోయిన అల ఒకటి ఎక్కడం, జారడం, ఇంకోటి ఎక్కడం. నా అరచేతుల కింద అడుగులేని ఆకుపచ్చ లోతు. భయం వేసింది. భయం కన్నా పెద్దది ఇంకేదో కూడా వేసింది, దానికి నాకు మాట తెలియదు. పసుపు బోయా ఒక పక్కకి వాలి ఇరుక్కుపోయి ఉంది. దాన్ని దాటాను. దేశం దాటడం అంటే అంతే.

బోటు కిందికి చేరేసరికి రొప్పుతున్నాను. పైనుంచి ఏడు ముఖాలు వంగి చూశాయి. మధ్యలో నెరిసిన గడ్డం మనిషి, అదే దానయ్య.

"దానయ్యా, బాబ్బాబు, దిగండి. ఎంతోసేపు నిలబడదు ఇది. అక్కడ నా భార్య చెవులు పోతున్నాయి."

"సెవులా? అదేటి?"

చెప్పాను. విన్నాడు. ముఖం నల్లబడింది. అయినా కాలు కదపలేదు.

"బాబూ, యూనిఫారం నేదు, మా ఎల్లాజీ సెప్పే సట్టం సదివినోడివి నువ్వే గావాల. ఒక్క ముక్క సెప్పు. ఇది గంగమ్మా, నేలా? నేలైతే నడిసొచ్చేత్తాం, మాకేటి అడ్డం నేదు."

నేల అంటే చాలు. ఒక్క మాట. ఏడుగురూ దూకి పరిగెత్తుతారు. కాత్యాయని హెడ్‌ఫోన్లు తీసేస్తుంది. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అటు గస్తీ నౌక మీద కెమెరాలు, మైకులు. సేవ తరఫు న్యాయ సలహాదారే ఇది నేల అన్నాడని రికార్డయితే, ఇక ముందు గీత అవతల మునిగేవాడి దగ్గరికి మావాళ్ళు ఎవరూ ఎప్పుడూ వెళ్ళలేరు. ఈ ఏడుగురు కూడా సముద్రంలో దారితప్పినవాళ్ళు కాకుండా పోతారు. పరాయి నేల మీద దిగినవాళ్ళవుతారు. ఏళ్ళ తరబడి జైలు. దానయ్యకి అది తెలియదు. నమ్మి అడుగుతున్నాడు. వెనక్కి తిరిగి చూశాను. దూరంగా కాత్యాయని తల ఒక చుక్కలా కనిపిస్తోంది.

"సముద్రమే" అన్నాను. "దానయ్యా, ఇది సముద్రమే. గంగమ్మే."

దానయ్య కళ్ళు మూసుకున్నాడు. "మరైతే ఎలా తొక్కుతాం బాబూ?"

నేను తల ఆ నీటి పలకకి ఆనించి భోరున ఏడ్చాను. సిగ్గు లేదు చెప్పుకోడానికి. నిజం చెప్పి అందరినీ చంపుకున్నాననిపించింది.

అప్పుడు పైనుంచి దానయ్య నవ్వు వినిపించింది. బొంగురు గొంతు, ముసలి నవ్వు.

"ఒరే, సూడండ్రా ఈ బాబుని! ఇంత మడిసీ సంటిపిల్లోడిలాగ పాక్కుంటా వచ్చీసినాడు. మోకాళ్ళు సూడండి, సెక్కులెగిరిపోనాయి!" నవ్వు ఆపి తనవాళ్ళ వైపు తిరిగాడు. గొంతు మారింది. "సంటిపిల్లలు తల్లి మీద పాకరేట్రా? అలాగనేసి ఏ తల్లన్నా కోప్పడతాదేటి?"

అందరిలోకి పెద్దవాడు ఆయన, ఆయన అన్నాక అది వాళ్ళ పేట తీర్పు. దానయ్య మోకాళ్ళ మీద కూలబడి, బోటు అంచు మీంచి వంగి, నుదురు ఆ నీటికి ఆనించాడు. "తల్లీ, నీ బిడ్డలం" అన్నాడు. "దిగండ్రా. ఒక్కడి అరికాలు తగిలిందా, పీక కోసేత్తాను."

ఒక్కొక్కరే బోర్లా జారారు. పాకడం మొదలుపెట్టారు. జీవితమంతా సముద్రంతో పోట్లాడిన మోటు మనుషులు, గడ్డాలు పెరిగినవాళ్ళు, ఆగిన అలల మీద చంటిపిల్లల్లా పాకుతూ వెళ్తున్నారు. కింద చేపలు తిరుగుతున్నాయి. వెనక పాకుతున్న నాకు అది చూస్తుంటే ఒళ్ళు జలదరించింది.

సరంగు కాబట్టి దానయ్య అందరికన్నా ఆఖరుగా దిగాడు. సగం దారిలో అతని మోచేయి పలకలోకి దిగబడింది. చూస్తే మేట చివర్లో నీరు కరగడం మొదలైంది. శబ్దం సన్నబడుతోంది. కాత్యాయని అలిసిపోతోంది. నేను వెనక్కి తిరిగి దానయ్య చెయ్యి పట్టుకున్నాను. నడుం దాకా దిగబడిపోయిన మనిషిని లాగే బలం నాకెక్కడిది?

గీత మీంచి ఏదో దూసుకొచ్చింది. ఎల్లాజీ. తెల్ల యూనిఫారంలో, బోర్లా పడి ఈదుతున్నట్టు జారుతూ వచ్చేశాడు. ఉత్తర్వు, కెమెరాలు, దేశాలు, అన్నీ వెనక వదిలేశాడు. తండ్రి చంకల్లో చేతులేసి పట్టాడు. అయినా చాలలేదు. అప్పుడు అటువైపు నుంచి ఇంకో రెండు చేతులొచ్చాయి. పొరుగు దేశపు నావికుడు, గుబురు మీసాల మనిషి, తన నౌక దిగి మేట చుట్టూ తిరిగి వచ్చేశాడు. అతనూ పాకుతూనే వచ్చాడు. మా భాష అతనికి రాదు, అతనిది మాకు రాదు. ఏదో అన్నాడు. లాగు అనే అయి ఉంటుంది. ముగ్గురం కలిసి లాగాం. దానయ్య పైకి వచ్చాడు. వెనక నీరు కరుగుతూ తరుముకొస్తోంది. వెనక్కి వెళ్ళే దారి లేక ఆ మీసాలాయన కూడా మాతోపాటే గీత దాటి పాకాడు.

ఆఖరి మనిషి నిచ్చెన ఎక్కగానే సముద్రం ఒక్కసారిగా హోరుమంది.

పొరుగు దేశపు సాయుధుడు మా డెక్ మీద దుప్పటి కప్పుకుని అల్లం టీ తాగాడు. ఎల్లాజీ తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను యంత్రం దగ్గరికి పరిగెత్తాను. కాత్యాయని హెడ్‌ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పిలిచాను. ఇంకోసారి పిలిచాను. భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు ఉలిక్కిపడి తిరిగింది.

తర్వాత జరిగింది అంతా ఢిల్లీ గదుల్లోనే. మా నావికుడు వాళ్ళ వైపు దాటాడు. వాళ్ళ నావికుడు మా నౌక ఎక్కాడు. ఒకరిది చొరబాటైతే రెండోవారిదీ చొరబాటే. వాళ్ళు మా మీద కేసు పెట్టలేరు, మేం వాళ్ళ మీద పెట్టలేం. రెండు దేశాలూ గొంతు సవరించుకున్నాయి. సంఘం చివరి సమావేశానికి కాత్యాయనిని కూడా పిలిచారు. అధ్యక్షుడు నిలబడి తీర్మానం చదివాడు. పేరిన సముద్రం సముద్రమే. ప్రాణం కాపాడడానికి వెళ్ళిన తీర రక్షణ సేవ సభ్యుడు, ఆ పనిలో ఉన్నంతసేపూ ఏ సాయుధ బలగానికీ చెందడు. ఎల్లాజీ మీద విచారణ రద్దు.

"ఏమంటున్నాడు?" అంది కాత్యాయని నా వైపు తిరిగి. తన గొంతు తనకి వినపడదు కదా, హాలంతా మారుమోగింది.

"సముద్రమే అన్నారు" అన్నాను, పెదాలు బాగా కదిలిస్తూ.

"ఇది చెప్పడానికి రెండేళ్ళా!"

అధ్యక్షుడికి నవ్వొచ్చింది. హాల్లో అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టబోయి, ఆవిడకి వినపడవని గుర్తొచ్చి, చేతులెత్తి నమస్కరించారు. నేను మాత్రం లేవలేకపోయాను.

ఇంటికొచ్చాక ఇక ఉండబట్టలేక చెప్పేశాను. ఆవిడ నా పెదాలు చదవడానికి నేను నెమ్మదిగా మాట్లాడాలి. నెమ్మదిగా చెప్పేకొద్దీ ఆ మాటలు మరీ బరువయ్యాయి. "దానయ్య అడిగినప్పుడు నేల అని ఉంటే, వెంటనే నడిచొచ్చేసేవాళ్ళు. ఆ కాస్త టైమూ మిగిలేది. నీ చెవులు మిగిలేవి. నేనే పోగొట్టాను కాత్యాయనీ."

ఆవిడ లేచి వచ్చింది. పక్కన కూర్చుని నా మోకాలి మీద చెయ్యి వేసింది. దెబ్బల మీది పక్కులు ఇంకా పూర్తిగా రాలలేదు.

"ఆ పలక మీద ఏం కదిలినా నాకు వినపడేది, తెలుసా?" అంది. "ముందు మీరొక్కరే వెళ్ళడం విన్నాను. పడ్డారు, లేచారు, మళ్ళీ పడ్డారు. నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు చప్పుడే లేదు. చచ్చిపోయాననుకోండి. ఆ తర్వాత ఒక్కొక్కరే పాకుతూ రావడం మొదలైంది. మెత్తగా, గుంపుగా. ఎంతమందో లెక్కపెడుతున్నాను. అప్పటికి శబ్దాలు ఒక్కొక్కటే పోతున్నాయి. గాలి హోరు పోయింది, యంత్రం పోయింది, నా ఊపిరి కూడా నాకు వినపడటం మానేసింది."

"మరి చివరికి ఏం మిగిలింది?"

"ఎడమ మోకాలు కొంచెం ఈడుస్తారు మీరు" అంది. "అది నౌక దగ్గరికి వచ్చేదాకా వింటూనే ఉన్నాను."